ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రామ్ క్లస్టర్‌లో ఎందుకు మొండికేస్తుంది? లినక్స్ రకాల మధ్య సైన్స్ సాఫ్ట్‌వేర్ నడిపించుకునే తీరు

ఆదివారం పొద్దున బెంగళూరు మత్తికెరెలో మా గది తలుపు తట్టేవాళ్లలో సగం మంది ఒకే గొడవతో వస్తారు. మొన్న వచ్చిన అనంతపురం తమ్ముడిదీ అదే పాట. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తాంది. క్లస్టర్‌లో పెడితే నోరే తెరవడంల్యా." అతని ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది. వాళ్ల క్లస్టర్‌లో, అంటే చాలా మెషీన్లను కలిపి కట్టిన ల్యాబ్ కంప్యూటర్‌లో, రాకీ లినక్స్ 8. అణువుల కదలికలను లెక్కగట్టే గ్రోమాక్స్ ప్రోగ్రామ్‌ను ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి, ఆ ఫోల్డర్‌ను ఉన్నపళంగా క్లస్టర్‌కి కాపీ కొట్టాడు. "ఉబుంటు పీకేసి రాకీ వేసుకుందునా?" అని కూడా అడిగాడు.

వద్దన్నాను. మీరూ ఆ పని చేయకండి. గొడవ డిస్ట్రో (ఉబుంటు, రాకీ లాంటి లినక్స్ రకం) పేరుతో కాదు, దాని కింద ఉన్న నాలుగైదు వస్తువులతో. జీలిబ్‌సీ (సీ భాష మూల లైబ్రరీ), కంపైలర్‌తో వచ్చే లైబ్రరీలు, ఎంపీఐ (ఒకే పనిని పంచుకునే ప్రాసెస్‌లు మాట్లాడుకునే పద్ధతి), పైథాన్, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్. వీటిలో ఏది తన్నుతోందో ముందు పట్టుకుంటే మందు దానంతటదే తెలుస్తుంది. పట్టుకోకుండా ఇంటర్నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టుకుంటూ పోతే చివరికి ఏది చెడిందో కూడా తెలియదు.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెప్తాను.

ముందు రెండు మెషీన్ల జాతకం రాసుకోండి

ప్రోగ్రామ్ నడిచిన మెషీన్‌లోనూ, నడవని మెషీన్‌లోనూ ఇవే నాలుగు చూడండి. ఈటీసీ ఫోల్డర్‌లోని ఓఎస్-రిలీజ్ ఫైల్‌ను క్యాట్ చేస్తే డిస్ట్రో, వెర్షన్ తెలుస్తాయి. ఎల్‌డీడీ పక్కన రెండు అడ్డగీతలు పెట్టి వెర్షన్ అని కొడితే మొదటి లైన్ చివర జీలిబ్‌సీ నంబరు వస్తుంది. జీసీసీకీ అలాగే. ఎల్ఎస్‌సీపీయూ కొడితే ప్రాసెసర్ ఏయే ఇన్‌స్ట్రక్షన్లకు లొంగుతుందో కనబడుతుంది. ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఐదు నిమిషాల పని. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఆ నాలుగింటిలో జీలిబ్‌సీ నంబరే అసలు కీలకం. సీ భాషలో రాసిన దాదాపు ప్రతి ప్రోగ్రామూ కర్నెల్‌తో మాట్లాడేది దీని ద్వారానే. సెంటోస్ 7లో అది 2.17. రాకీ 8లో 2.28, రాకీ 9లో 2.34. ఉబుంటు 20.04లో 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. డెబియన్ 12లో 2.36. దీనికో గుణం ఉంది: పాత జీలిబ్‌సీ మీద కట్టిన ప్రోగ్రామ్ కొత్త దాని మీద నడుస్తుంది, కొత్త దాని మీద కట్టింది పాత దాని మీద చాలాసార్లు నడవదు. 2.39 మీద కట్టిన తమ్ముడి గ్రోమాక్స్ 2.28 ఉన్న క్లస్టర్‌కి వెళ్లి "జీలిబ్‌సీ 2.38 నాట్ ఫౌండ్, 2.34 నాట్ ఫౌండ్" అని రెండు లైన్లు చెప్పి పడుకుంది. అందులో వింతేమీ లేదు.

ఈ ఎర్రర్ చూడగానే చాలామందికి వచ్చే ఆలోచన, కొత్త జీలిబ్‌సీ దించి సిస్టమ్‌లో పాతదాని స్థానంలో పెట్టేద్దామని. దండం పెడతాను, ఆ జోలికి పోకండి. ఎల్ఎస్, సీపీ, సుడో అన్నీ ఆ ఫైల్ మీదే బతుకుతున్నాయి. అది పోతే, తప్పు దిద్దుకోవడానికి కావాల్సిన కమాండ్ కూడా పనిచేయదు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మందు తేలికే. ఎక్కడ నడపాలో అక్కడే కంపైల్ చేయండి. లేదంటే మీరు వాడే మెషీన్లన్నిటిలోకీ పాతదాని మీద కంపైల్ చేసి మిగతావాటికి పంచండి.

రెండో పని: లేనిదేదో ప్రోగ్రామ్‌నే అడగండి

జీలిబ్‌సీ సరిపోయినా ప్రోగ్రామ్ లేవకపోతే, ఎల్‌డీడీ పక్కన ఆ ప్రోగ్రామ్ ఫైల్ పేరు కొట్టండి. దానికి కావాల్సిన లైబ్రరీల జాబితా వస్తుంది. "నాట్ ఫౌండ్" అన్న లైన్లే మనకు కావాలి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన ఫైల్ మీద మాత్రం ఎల్‌డీడీ కొట్టకండి, ఒక్కోసారి అది ఆ ఫైల్‌ను నడిపేస్తుంది. అలాంటప్పుడు రీడ్‌ఎల్ఫ్‌కి హైఫన్ డీ పెట్టి చూస్తే నడపకుండానే జాబితా ఇస్తుంది.

ఇక్కడ నా బుర్రతక్కువతనం ఒకటి చెప్పాలి. ఒక ల్యాబ్‌లో పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ ఉండేది. సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు, రాసినాయన ఎప్పుడో వెళ్లిపోయారు, మిగిలింది కంపైల్ చేసిన ఫైల్ ఒక్కటే. ఉబుంటు 22.04లో పెడితే లిబ్‌జీఫోర్ట్రాన్ డాట్ ఎస్ఓ డాట్ 3 లేదంది. మెషీన్‌లో డాట్ 5 ఉంది. 3కీ 5కీ ఎంత తేడాలే అనుకుని, డాట్ 5 ఫైల్‌కే డాట్ 3 అని సింలింక్ (ఫైల్‌కి ఇంకో పేరు) పెట్టాను. ఇంకోసారి నడిపితే ఈసారి "జీఫోర్ట్రాన్ 1.0 వెర్షన్ నాట్ ఫౌండ్" అంది.

అది నా అదృష్టం. జీసీసీ 8 వచ్చినప్పుడు ఫోర్ట్రాన్ అర్రేల వివరాలను మెమరీలో దాచే పద్ధతే మారింది, అందుకే లైబ్రరీ నంబరు 5 అయ్యింది. జీసీసీ 7కి 4, అంతకు ముందు 4.3 నుంచి 6 దాకా 3. అంటే నంబరు మారిందంటే లోపలి ఒప్పందమే మారిందని అర్థం. ఆ వెర్షన్ కాపలా లేకపోయుంటే ప్రోగ్రామ్ లేచి, తప్పు అంకెలు ఇచ్చుండేది. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. తప్పు అంకెలు నేరుగా థీసిస్‌లోకి వెళ్తాయి.

అందుకని ఎస్ఓ తర్వాత నంబరు వేరైతే సింలింక్ పెట్టకండి. ఆ ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్‌ను చివరికి ఎలా నడిపానో కింద కంటైనర్ల దగ్గర చెప్తాను.

దీనికి చెల్లెలు లాంటిది ఇంకోటి ఉంది. లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ గురించి "జీలిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.29 నాట్ ఫౌండ్" అని. అది జీసీసీ 11తో వచ్చిన గుర్తు. కొత్త జీసీసీతో కట్టారు, నడిపేటప్పుడు పాతదాని లైబ్రరీ దొరికింది, అంతే. చాలాసార్లు దోషి, లైబ్రరీలను ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ అండర్‌స్కోర్ లైబ్రరీ అండర్‌స్కోర్ పాత్ అన్న వేరియబుల్, అన్నీ పెద్ద అక్షరాలు. మూడేళ్ల క్రితం ఎవరో సీనియర్ ఇచ్చిన లైన్ ఒకటి మీ బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైల్) ఇంకా కూర్చుని ఉంటుంది. ఎకోతో దాని విలువ చూడండి, అన్‌సెట్ చేసి మళ్లీ నడపండి.

ప్యాకేజీ పేర్ల గోల

ఉబుంటు, డెబియన్‌లలో ఏపీటీ. రాకీ, ఆల్మా, ఫెడోరాలలో డీఎన్ఎఫ్. ఓపెన్‌సూసేలో జిప్పర్, ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్. కమాండ్ మారడం సమస్య కాదు, పేర్లు మారతాయి. కంపైల్ చేయడానికి కావాల్సిన హెడర్ ఫైళ్ల ప్యాకేజీకి ఉబుంటులో చివర డెవ్ అని ఉంటుంది, రాకీలో డెవెల్. ఫూరియే లెక్కల లైబ్రరీ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఉబుంటులో లిబ్‌ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ3 హైఫన్ డెవ్, రాకీలో ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ హైఫన్ డెవెల్. ఆర్చ్‌లో ఈ విడదీత అసలు లేదు.

రాకీలో డెవెల్ ప్యాకేజీలు చాలా వరకు మామూలుగా వెతికితే దొరకవు. ముందు అదనపు ప్యాకేజీల రిపాజిటరీ ఈపీఈఎల్ కోసం ఈపీఈఎల్ హైఫన్ రిలీజ్ ఇన్‌స్టాల్ చేసి, తర్వాత ఇంకో రిపాజిటరీ తెరవాలి. రాకీ 8లో దాని పేరు పవర్‌టూల్స్, 9లో సీఆర్‌బీ. డేటా ఫైళ్ల లైబ్రరీ హెచ్‌డీఎఫ్5 డెవెల్ ఈపీఈఎల్‌లోనే ఉంటుంది.

లైబ్రరీలు ఉండే చోటు కూడా వేరు. రాకీలో యూఎస్ఆర్ కింద లిబ్64. ఉబుంటులో యూఎస్ఆర్, లిబ్, దాని లోపల ఎక్స్86 అండర్‌స్కోర్ 64 హైఫన్ లినక్స్ హైఫన్ జీఎన్‌యూ. పాత మేక్‌ఫైళ్లలో ఈ దారులు రాయిలా చెక్కి ఉంటాయి. గ్రెప్ చేసి మార్చుకోండి.

ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ ఉబుంటులో బ్రాకెట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి, రాకీలో చక్కగా నడిస్తే తప్పు స్క్రిప్ట్‌దే. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే 2006లో వచ్చిన 6.10 నుంచీ డ్యాష్. రాకీలో ఎస్‌హెచ్ అంటే బ్యాష్. స్క్రిప్ట్ ముందు బ్యాష్ అని కొట్టి నడపండి, పోతుంది. పాతకాలం కెమిస్ట్రీ సాఫ్ట్‌వేర్‌లకు టీసీఎస్‌హెచ్ కావాలి, ఉబుంటులో అది ముందుగా ఉండదు, వేసుకోవాలి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు వద్దు, తెలుగు అక్షరాలు అంతకన్నా వద్దు. భాషాభిమానం ఎంతున్నా పాత ఫోర్ట్రాన్‌కి అది అర్థం కాదు.

ఎంపీఐ: నాలుగు పనులా, ఒకే పని నాలుగుసార్లా?

రాకీలో ఓపెన్‌ఎంపీఐ డెవెల్ వేసి, ఎంపీఐసీసీ కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. వేసుకున్నాక కూడా లేదంటుందేమిటని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లను చూశాను. రాకీ దాన్ని లిబ్64 కింద ఓపెన్‌ఎంపీఐ అనే ఫోల్డర్‌లో పక్కన పెడుతుంది, ఇంకో రకం ఎంపీఐ అయిన ఎంపీఐసీహెచ్ కూడా ఉంటే రెండూ కొట్టుకోకుండా. కొత్త టెర్మినల్ తెరిచి మాడ్యూల్ లోడ్ ఎంపీఐ స్లాష్ ఓపెన్‌ఎంపీఐ హైఫన్ ఎక్స్86 అండర్‌స్కోర్ 64 అని కొట్టాలి. ఉబుంటులో ఈ మెట్టు లేదు, వేయగానే దొరుకుతుంది.

ఇంకో రోగం నిశ్శబ్దంగా తింటుంది. నాలుగు కోర్ల మీద జాబ్ వేస్తే, ఔట్‌పుట్‌లో "ర్యాంక్ 0 ఆఫ్ 1" అని నాలుగుసార్లు వస్తే వెంటనే ఆపేయండి. మీ ప్రోగ్రామ్ ఒక ఎంపీఐతో కంపైల్ అయింది, మీరు కొట్టిన ఎంపీఐరన్ ఇంకోదానిది. రెండింటికీ మాట కలవలేదు. దాంతో నాలుగు ప్రాసెస్‌లూ ఎవరికి వారు ఒంటరిగా మొత్తం పని చేస్తూ ఒకే ఫైల్ మీద ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నాయి. ఎక్కువగా కోండా ఎన్విరాన్‌మెంట్ తెరిచి ఉంచినప్పుడు దానిలోని ఎంపీఐరన్ ముందుకు దూరుతుంది. విచ్ ఎంపీఐరన్ కొడితే బండారం బయటపడుతుంది.

క్లస్టర్‌లో కంపైల్ చేసే పద్ధతి

2022లో ఐఐఎస్‌సీలో కొలువైన పరమ్ ప్రవేగ 3.3 పెటాఫ్లాప్స్ యంత్రం. అంతటిదైనా, మీ డిపార్ట్‌మెంట్ మూలన ఉన్న పది నోడ్ల (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్ ఒక నోడ్) క్లస్టరైనా విద్యార్థికి సుడో ఇవ్వరు. అడగకండి కూడా. మీ హోమ్ ఫోల్డర్‌లోనే అన్నీ జరగాలి, జరుగుతాయి.

తమ్ముడితో చేయించింది ఇదీ. గ్రోమాక్స్ 2024కి జీసీసీ 9 లేదా ఆపైది కావాలి, రాకీ 8లో మామూలుగా ఉండేది 8.5. మాడ్యూల్ అవైల్ కొట్టి చూస్తే అడ్మిన్ వేసిన జీసీసీ 12 కనబడింది, మాడ్యూల్ లోడ్ చేశాం. సొంత మెషీన్ అయితే జీసీసీ హైఫన్ టూల్‌సెట్ హైఫన్ 12 వేసుకుని ఎస్‌సీఎల్ ఎనేబుల్‌తో తెరవొచ్చు. తర్వాత సోర్స్ ఫోల్డర్‌లో బిల్డ్ అని కొత్త ఫోల్డర్ పెట్టి, అందులోంచి సీమేక్. దానికి మూడు ఆప్షన్లు ఇచ్చాం: ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా హోమ్‌లోని ఫోల్డర్, జీఎంఎక్స్ బిల్డ్ ఓన్ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ ఆన్, జీఎంఎక్స్ సిమ్డ్‌కి ఏవీఎక్స్2 అండర్‌స్కోర్ 256. ఈ ఆప్షన్ల పేర్లు పెద్ద అక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్లు.

ఆ మూడో ఆప్షన్ ఎందుకంటే, సీమేక్ తాను నడుస్తున్న మెషీన్ ప్రాసెసర్‌ను చూసి దానికి తగ్గట్టు కోడ్ కుట్టిస్తుంది. లాగిన్ నోడ్ (మనం మొదట అడుగుపెట్టే మెషీన్) కొత్తదై ఏవీఎక్స్ 512 ఇన్‌స్ట్రక్షన్లు ఉండి, జాబ్ నడిచే నోడ్ పాతదైతే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతుంది. జాబ్ నోడ్‌లో ఎల్ఎస్‌సీపీయూ కొట్టించి చూసి, అక్కడ ఉన్నదే ఇవ్వండి. రెండో ఆప్షన్ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూను నెట్ నుంచి దించుకుంటుంది. జాబ్ నోడ్లకు చాలాచోట్ల ఇంటర్నెట్ ఉండదు, కాబట్టి ఈ పని లాగిన్ నోడ్‌లోనే. మేక్‌కి హైఫన్ జే 4 చాలు. ఉన్న కోర్లన్నీ లాగేసుకుంటే అడ్మిన్ నుంచి ప్రేమలేఖ వస్తుంది. మేక్ చెక్ తప్పకుండా నడపండి, ఎవరూ నడపరు. తర్వాత మేక్ ఇన్‌స్టాల్, జాబ్ స్క్రిప్ట్‌లో జీఎంఎక్స్ఆర్‌సీ ఫైల్‌ను (పెద్ద అక్షరాలు) సోర్స్ చేయడం.

జాబ్ స్క్రిప్ట్‌లో కూడా అవే మాడ్యూళ్లు లోడ్ చేయాలి. టెర్మినల్‌లో లోడ్ చేశాం కదా అని స్క్రిప్ట్‌లో వదిలేసి, జీలిబ్‌సీఎక్స్ఎక్స్ ఎర్రర్ పట్టుకుని మళ్లీ నా దగ్గరికొచ్చినవాళ్లకు లెక్క లేదు.

ఇలాంటివి పది సాఫ్ట్‌వేర్లు, వాటి కింద ముప్ఫై లైబ్రరీలు కట్టాల్సి వస్తే చేత్తో చేయకండి. స్పాక్ అని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టిన పనిముట్టు ఉంది. హోమ్ ఫోల్డర్‌లోనే సోర్స్ నుంచి అన్నీ కట్టిపెడుతుంది. మొదటిసారి గంటలు పడుతుంది, ఆంధ్రా మెస్‌లో భోంచేసి రండి.

పైథాన్

సిస్టమ్ పైథాన్ మీది కాదు, సిస్టమ్‌ది. రాకీలో డీఎన్ఎఫ్ దాని మీదే నడుస్తుంది. డెబియన్ 12, ఉబుంటు 24.04లలో పిప్ నేరుగా కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని తోసేస్తుంది, మంచిదే. దాన్ని దాటించే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్ పేరులోనే దాని ఫలితం ఉంది. వీఎన్వ్ (మీ ప్రాజెక్టుకే వేరుగా ఉండే పైథాన్ ఫోల్డర్) చేసుకోండి, లేదా మినీఫోర్జ్ వేసుకుని కోండా ఎన్విరాన్‌మెంట్లు వాడండి. అనకొండ సంస్థ డిఫాల్ట్స్ ఛానల్‌కి 200 మంది దాటిన సంస్థల విషయంలో లైసెన్స్ నిబంధనలు ఉన్నాయి. కోండా ఫోర్జ్ ఛానల్‌తో వచ్చే మినీఫోర్జ్‌తో ఆ తలనొప్పి లేదు. పాత సెంటోస్ 7 మీద పిప్ హఠాత్తుగా సోర్స్ నుంచి కంపైల్ మొదలుపెట్టిందంటే, ఆ ప్యాకేజీవాళ్లు 2.28 కన్నా పాత జీలిబ్‌సీకి వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) ఇవ్వడం మానేశారేమో చూడండి.

ఏదీ కుదరకపోతే కంటైనర్

పెళ్లికి పిలిచిన వంటవాళ్లు గుండిగలు, గరిటెలు, పోపు సామాను అన్నీ వాళ్లే తెచ్చుకుంటారు. పొయ్యి మాత్రం మనదే. కంటైనర్ అంతే. జీలిబ్‌సీతో సహా అన్నీ తెచ్చుకుంటుంది. కర్నెల్, గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం ఆ మెషీన్‌వి.

క్లస్టర్లలో డాకర్‌ను రానివ్వరు, దాని సర్వీస్ రూట్‌గా నడుస్తుంది కాబట్టి. అక్కడ వాడేది ఆప్టైనర్. 2015లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగరీ కర్ట్‌జర్ సింగ్యులారిటీ పేరుతో మొదలుపెట్టారు, 2021లో లినక్స్ ఫౌండేషన్‌లో చేరినప్పుడు పేరు మారింది. సెంటోస్‌ను మొదలుపెట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నారు, సెంటోస్ 8 అర్ధంతరంగా 2021 డిసెంబర్‌లో ముగిసినప్పుడు దానికి బదులుగా నిలిచిన రాకీ లినక్స్ కూడా ఆయన మొదలుపెట్టిందే. మనం రోజూ తిట్టుకునేవాటిలో సగం ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయన్నమాట.

ఆ పాత ఫోర్ట్రాన్ ఫైల్‌కి నేను చేసింది చూడండి. ఓల్డ్ డాట్ డెఫ్ అని ఒక ఫైల్ రాశాను. అందులో బూట్‌స్ట్రాప్ డాకర్, ఫ్రమ్ ఉబుంటు 18.04, కింద పోస్ట్ భాగంలో ఏపీటీ గెట్ అప్‌డేట్, లిబ్‌జీఫోర్ట్రాన్3 ఇన్‌స్టాల్. మొత్తం ఐదు లైన్లు. 18.04 ఎందుకంటే డాట్ 3 లైబ్రరీ అందులో ఉంది, 20.04కి వచ్చేసరికి పోయింది. సెంటోస్ 7 కూడా సరిపోయేదే, కానీ 2024 జూన్ 30తో దాని కాలం తీరింది, దాని ప్యాకేజీ కమాండ్ యమ్ వెతికే పాత సర్వర్లు పలకవు, చిరునామాలు పాతవి దాచే వాల్ట్ సర్వర్‌కి మార్చుకోవాలి. ఆప్టైనర్ బిల్డ్‌తో ఓల్డ్ డాట్ సిఫ్ అనే ఒక్క ఫైల్ తయారైంది. ఆప్టైనర్ ఎగ్జెక్, ఆ సిఫ్ ఫైల్ పేరు, తర్వాత ప్రోగ్రామ్ పేరు. మొదటిసారికే అంకెలు కక్కింది. ఆ సిఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆప్టైనర్ ఉన్న ఏ క్లస్టర్‌కైనా పోవచ్చు.

రాకీలో ఆప్టైనర్ ఈపీఈఎల్‌లో ఉంది. ఉబుంటులో వాళ్ల పీపీఏ (సొంత ప్యాకేజీ రిపాజిటరీ) నుంచి వేసుకోండి. 24.04లో భద్రత చూసే యాప్ఆర్మర్ కొత్త ఆంక్షల వల్ల సొంతంగా కంపైల్ చేసుకున్న ఆప్టైనర్ యూజర్ నేమ్‌స్పేస్ దగ్గర ఆగిపోవచ్చు, ప్యాకేజీతో అయితే దానికి కావాల్సిన ప్రొఫైల్ వస్తుంది.

ఒక ఉచ్చు ఉంది. ఆప్టైనర్ మీ హోమ్ ఫోల్డర్‌ను చెప్పకుండానే లోపలికి తెస్తుంది. ఎప్పుడో పిప్‌తో డాట్ లోకల్‌లో వేసుకున్న నంపై లైబ్రరీ కంటైనర్‌లోని పైథాన్‌కి కనబడుతుంది, పైథాన్ దానికే ఎగబడుతుంది. లోపల ఒక వెర్షన్ వేశానే, ఇంకోటి ఎలా వస్తోందని రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. నో హోమ్ ఆప్షన్ ఇవ్వండి, లేదా పైథాన్ నో యూజర్ సైట్ అన్న వేరియబుల్‌ను (అన్నీ పెద్ద అక్షరాలు, ఖాళీలు లేకుండా) 1 చేయండి. గ్రాఫిక్స్ కార్డుకి ఎన్‌వీ ఆప్షన్ కావాలి. ఎన్‌విడియా ఎస్ఎంఐ కమాండ్ పైన చూపించే క్యూడా (ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్) వెర్షన్ మెషీన్‌లో ఉన్నది కాదు, ఆ డ్రైవర్ మోయగల గరిష్ఠ వెర్షన్. కంటైనర్ లోపలిది దాన్ని మించకుండా చూసుకోండి.

అంకెలు కొంచెం తేడాగా వస్తే

రెండు డిస్ట్రోల మీద చివరి దశాంశాలు కలవకపోతే కంగారు పడకండి. మాట్రిక్స్ లెక్కలు చేసే బ్లాస్ లైబ్రరీ వేరు, కూడికల వరస వేరు. మాలిక్యులర్ డైనమిక్స్‌లో ఆ చిన్న తేడానే పెరిగి కొంతసేపటికి అణువుల దారులే వేరైపోతాయి, సగటు ఎనర్జీలు మాత్రం కలవాలి. మొదటి స్టెప్ ఎనర్జీ మూడో అంకె దగ్గరే తేడా వస్తే అప్పుడు కంగారు పడండి. వేగం బాగా తగ్గితే డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్‌తో ఏ బ్లాస్ నడుస్తోందో చూడండి. రిఫరెన్స్ బ్లాస్ ఉంటే ఓపెన్‌బ్లాస్‌కి మార్చండి. రాకీ 9లో ఆ పని ఫ్లెక్సీబ్లాస్ చూసుకుంటుంది.

ఇవన్నీ చేసినా కదలకపోతే ఎవరినైనా అడగండి, కానీ ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫోటో పంపకండి. మొదట రాసుకున్న ఆ నాలుగు వివరాలు, కొట్టిన కమాండ్, ఎల్‌డీడీ ఔట్‌పుట్, లాగ్ ఫైల్ మొత్తం పంపండి. అందరూ లాగ్‌లో చివరి లైన్ చదువుతారు, "మేక్: ఎర్రర్ 2" అని ఉంటుంది, దానివల్ల ఏమీ తెలియదు. పైకి వెళ్తూ మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఆగండి. తమ్ముడి లాగ్‌లో అది 1,400వ లైన్ దగ్గర దొరికింది, డిస్క్ కోటా నిండిందని. పాత ల్యాప్‌టాప్ ఫోల్డర్ ఇంకా అక్కడే ఉంది మరి. దాన్ని తీసేసి మళ్లీ మేక్ కొట్టాం, సాయంత్రానికి జాబ్ క్యూలో చేరింది.